ఊరికి వచ్చిన విద్యార్థులు



ఏటేట తొలకరి పడి, కాలువలకు నీరు వదలెడి దినములలో, మన యూళ్లలో కొందరు పిల్లలు పెట్టెలు చేతబట్టుకొని బస్సు దిగుచుందురు. వారు చుట్టపుచూపునకు వచ్చినవారు కారు. వ్యవసాయ కళాశాలలో నాలుగవ సంవత్సరము చదువుచున్నవారు. పుస్తకములో చదివిన సేద్యమును పొలములో చూచి, రైతు కుటుంబముల నడుమ కొన్ని వారములు బ్రదికి రమ్మని కళాశాలవారు వారిని పంపుదురు. దీనికి గ్రామీణ వ్యవసాయ కార్యానుభవమని పేరు. వ్యవసాయ పట్టమునకు చదువువారికి ఇట్టి యేర్పాటు ఉండవలెనని 1992లో రంధావా సంఘము సిఫారసు చేసెను. విద్యార్థులను ఒక్కొక్క రైతునకు అప్పగింతురు. ఆ రైతు దుక్కి మొదలుకొని చేయు పనియంతయు వారు వెంటనుండి చూడవలెను, చేయవలెను, వ్రాసికొనవలెను. ఆ రైతును ఆతిథేయ రైతు అందురు.

ఈ యేర్పాటు మంచిదని నేను వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ పిల్లలు ఏ యింట ఉండవలెనన్న నిర్ణయము పేరునకు కళాశాలవారిదే యైనను, నిజమునకు మనదే. ఆచార్యులు ఊరికి క్రొత్తవారు. వారు పంచాయతి కచేరికి వచ్చి, “మీ యూరిలో మంచి రైతులెవరండీ?” అని అడుగుదురు. రచ్చబండమీద కూర్చున్న మనమే, ఫలానావారి యింట ఇద్దరు, ఫలానావారి యింట ఇద్దరు అని చెప్పుదుము. ఇట్లు చెప్పుటలో నేనొక తప్పు చేసితిని. దానిని మీతో చెప్పుకొనుటకే ఈ పావుగంట.

మొదట నా చిన్ననాటి సంగతి కొంత చెప్పవలెను. నేను వారాలు చేసికొని చదివినవాడను. వారమనగా వంతు. చదువుకై పొరుగూరికి వచ్చిన పేదపిల్లవానికి ఆదివారము ఒకరు, సోమవారము ఒకరు అన్నము పెట్టుటకు ఒప్పుకొనెడివారు. 1973లో, నా పదుమూడవయేట, మా యూరికి నలువది మైళ్ల దూరమున నున్న ఒక సంస్కృత పాఠశాలలో చేరితిని. అప్పటికే ప్రభుత్వ వసతిగృహములు వచ్చి వారాల పద్ధతి చాలవరకు అణగిపోయినది. ఆ యూరిలో మాత్రము ఇంకను కొంత మిగిలియుండెను. నాకు ఆరు ఇండ్లు దొరికినవి. ఏడవది దొరకలేదు. బుధవారమునాడు అటుకులు నానబెట్టుకొని బెల్లపుముక్కతో తినుచుంటిని. ఇన్నేండ్లు గడచినను, బుధవారమునాడు నాకెందుకో కొంచెము ముందుగానే ఆకలి వేయును.

అతిథి అనగా రాకకు తిథి నియమము లేనివాడని మా గురువుగారు చెప్పిరి. వారాలబ్బాయికి తిథి లేకున్నను వారము నియతమే కదా, కావున వాడు అతిథి కాడని మేము పిల్లలము వ్యాకరణము చేసి నవ్వుకొనెడివారము. నవ్వులాట కన్న మాటయైనను అందులో నిజమున్నది. అతిథికి ఇల్లు తన మంచిబట్టను చూపును. తప్పక ప్రతివారము వచ్చువానికి ఎన్నాళ్లని చూపగలదు?

అయినను ఒక యిల్లు అయిదేండ్లపాటు చూపినది. అది నా సోమవారపుటిల్లు. సంపన్నులు. ఆకునిండ వడ్డించెడివారు. నేయి, అప్పడము, వడియము, గడ్డపెరుగు. అరుగుమీద ఒక్కనికే ఆకు వేసి, వడ్డించి, లోనికి వెళ్లి తలుపు ఓరగా వేసికొనెడివారు. నేను తిని, ఆకు తీసి, శుద్ధిచేసి వచ్చెడివాడను. ఆ యింట ఎన్ని గదులున్నవో నాకు నేటికిని తెలియదు. వారిపైన నాకు కృతజ్ఞతయేగాని నిష్ఠురము లేదు. కాని వారినుండి నేను నేర్చినది ఏదియు లేదు.

శనివారపుటిల్లు ఒక బడిపంతులుగారిది. నలుగురు పిల్లలు. ఆ యిల్లాలు నన్ను చూడగానే బిందె చేతికిచ్చి చెరువునకు పంపెడిది. తిరుగలి దగ్గర కూర్చుండబెట్టెడిది. పిల్లలతోపాటు వంటింట నాకును కంచము పెట్టెడిది. ఆ దంపతులు పచారుకొట్టు బాకీని గూర్చి పోట్లాడుకొనుట వింటిని. పెద్దపిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోయిన దినమున అందరితోపాటు నేనును అన్నము ముట్టలేదు. ఒక శనివారము నేను వెళ్లునప్పటికి పొయ్యిమీద గంజి కాగుచుండెను. “ఇవాళ ఇంతే నాయనా. అందరికీ ఇదే” అని ఆమె నా గిన్నెలో పోసెను. దాచలేదు, నొచ్చుకొనలేదు. జీతపురాళ్లతో సంసారము ఎట్లు నడుపవలెనో, లేమిని పిల్లల యెదుట ఎట్లు చెప్పవలెనో నేను ఆ యింటనే నేర్చితిని. తరువాత నాకు సంసారము వచ్చినప్పుడు అక్కరకు వచ్చినది ఆ శనివారపు చదువే.

ఇంకొక మాట కూడ దాచకుండ చెప్పవలెను. ఆ ఆరిండ్లును నా కులమువారివే. వారము దొరకుటకు చదువుమీది యాశ చాలదు, పుట్టుక కలిసిరావలెను. ఆ యూరికి దక్షిణమున పల్లె యుండెను. అక్కడినుండి చదువుకై వచ్చినవానికి ఏ యరుగుమీదను ఆకు వేయువారు లేరు. ఇది అన్యాయమని నాకు అప్పుడు తోచలేదు. తోచలేదన్నదే నేను చెప్పదలచుకొన్న మాట.

భాషాప్రవీణ పూర్తిచేసి, తెలుగు పండితుడనై, ముప్పదియారేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి, 2020లో ఉద్యోగము చాలించి, కొమ్మమూరు కాలువక్రింద మా యూరిలోనే కాలము గడుపుచున్నాను. నాకు రెండెకరముల మాగాణి యున్నది. నేనెన్నడును నాగలి పట్టలేదు. ఇరువదేండ్లనుండి ఆ పొలమును కౌలునకు చేయుచున్నది పల్లెలోని ఒక రైతు. చిన్నప్పుడు ఆరవ తరగతిలో నా యెదుట కూర్చుండి చదివినవాడే. ఎకరమునకు 22 బస్తాల కౌలు. నోటిమాటయేగాని కాగితము లేదు. మాట తప్పలేదు. పంట రాగానే బస్తాలు మా వాకిట దించి, “మాస్టారూ, లెక్క చూసుకోండి” అని నిలుచుండెడివాడు. నేను చూచుకొనెడివాడను.

2023లో మా యూరికి ఆరుగురు విద్యార్థులు వచ్చిరి. నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. నా వ్రాలు బాగుండునని పెద్దలు నాచేతనే జాబితా వ్రాయించిరి. మేడలున్న మూడిండ్లు చూచి, ఇద్దరేసి చొప్పున వ్రాసితిని. మా యింటిపేరు కూడ అందులో చేర్చితిని. పంచాయతి కచేరిలో దానిని చదువగానే, ఆడపిల్లలలో ఒకతె లేచి, “తాతగారూ, వీళ్లందరూ సొంత భూమి ఉన్నవాళ్లేనండీ. ఈ ఊళ్లో సగానికి పైగా పొలం కౌలులోనే ఉందని దారిలో విన్నాం. కౌలు రైతు ఇల్లు ఒక్కటైనా ఉంటే బాగుంటుంది కదండీ?” అని అడిగెను.

“కౌలు చేసేవాళ్లు ఎక్కువమంది పల్లెలో ఉంటారమ్మా. అక్కడ మీకు వసతిగా ఉండదు” అంటిని.

పొదుపు సంఘము పనిమీద వచ్చి గడపదగ్గర నిలిచియున్న ఒక స్త్రీ ఈ మాట విని, “మా ఇంట్లో స్నానాలగదీ ఉంది, ఫ్యానూ ఉంది మాస్టారూ. తమరు ఒక్కనాడన్నా వస్తేగదా తెలిసేది” అనెను. నలుగురును నవ్విరి. ఆమె నా కౌలుదారుని భార్య. ఇరువదేండ్లనుండి వారు నా యింటికి బస్తాలు మోసికొని వచ్చుచున్నారు. నేను ఒక్కనాడును వారి గుమ్మము త్రొక్కి యెరుగను. ఆ యింట ఏమున్నదో తెలియకయే, అక్కడ వసతి లేదని నలుగురిలో తీర్పు చెప్పితిని.

పెద్దలు ఊరకుండలేదు. రేపు ఏదైన మాట వచ్చినచో ఎవరు పూచీ యని ఒకరనిరి. ఈ పిల్లల తలిదండ్రులకు ఏమని చెప్పుదుమని ఇంకొకరనిరి. వారి భయము నిజమైన భయమేనా, లేక పల్లెయనగానే మనకు అలవాటుగ వచ్చెడి భయమా యని ఎవరికి వారు ఆలోచింపవలసినదే. కళాశాల ఆచార్యురాలు వాదింపలేదు. లేచి, ఆ స్త్రీవెంట పోయి ఇల్లు చూచి వచ్చి, “గది బాగుంది. తలుపుకు గడియ ఉంది. పిల్లలిద్దరూ అక్కడే ఉంటారు” అని ఒక్కమాటతో తేల్చెను. ఆడపిల్లలను ఏ యింట ఉంచవలెనన్నను చూడవలసినవి అవే: ఇద్దరు కలిసి యుండుట, తలుపునకు గడియ, చీకటిలో బయటికి పోనక్కరలేని మరుగుదొడ్డి. ఈ మూడింటిని మేడకును పెంకుటింటికిని ఒకేరీతిగ చూడవలెను. నా జాబితాలోని మేడలలో ఒకదానికి మూడవది సరిగ లేదని తరువాత బయటపడినది.

మా యింటికి వచ్చిన ఇద్దరు మగపిల్లల సంగతి చెప్పినచో మీరు నవ్వుదురు. మా యావిడకు ఎదుటివారికి పెట్టుటయందు ప్రీతి. ఉదయము ఇడ్డెనలు, మధ్యాహ్నము పప్పు, పులుసు, నేయి, రాత్రి గారెలు. పిల్లలు కంచమెత్తబోయినచో చేయి పట్టుకొని ఆపెడిది. నేను సాయంకాలము వారిని కూర్చుండబెట్టుకొని పద్యములు వినిపించితిని. వారు మర్యాదస్థులు, వినిరి. మూడవ వారమున ఒకడు తల గోకికొనుచు, “తాతగారూ, మీ ఇంట్లో పొలానికి వెళ్లేదెవరండీ?” అని అడిగెను. మా యింట పొలమునకు వెళ్లువారెవరును లేరు. అది నా జాబితాలో మొదటి ఆతిథేయ రైతు ఇల్లు! ఆ పిల్లలు ఆ మరునాటినుండి తెల్లవారకమునుపే లేచి పల్లెవైపు పోయి, నా పొలములో నా కౌలుదారుతో పని నేర్చుకొనసాగిరి. భోజనమునకు మాత్రము మా యింటికి వచ్చెడివారు. నా సోమవారపుటిల్లు నాకు జ్ఞాపకము వచ్చినది. అరుగుమీద ఆకు వేసి తలుపు ఓరగా వేసినవారు ఇప్పుడు మేమే.

పల్లెలోని ఇంట ఆడపిల్లలు ఎట్లుండిరో నేను చూచినదికాక, వారు చెప్పగా తెలిసినది ఎక్కువ. ఆ యిల్లాలు నాలుగింటికి లేచును. నాట్లదినములలో ముఠాతో అయిదున్నరకే బయలుదేరును. పిల్లలిద్దరును వెంట పోయిరి. మొదటిదినము వరుస వంకరపోయి, కూలీలు నవ్విరట. మూడవదినమునకు ఒకతెకు నడుము పట్టివేసినది, జ్వరము వచ్చినది. ఆ యిల్లాలు మిరియాల కషాయము కాచి ఇచ్చి, తాను మాత్రము నాటునకు పోయెను. “ఆమెకు నడుము నొప్పి లేదా అని అడిగాను తాతగారూ. ఉంది, కానీ చెప్పుకోవడానికి తీరికేదీ అంది” అని ఆ పిల్ల నాతో చెప్పెను.

వారు వట్టిచేతులతో రాలేదు. నారుమడికి ముందు విత్తనశుద్ధి చేసి చూపిరి. పొలములో అక్కడక్కడ జానెడు లోతున గుంటతీసి మట్టినమూనా లెట్లు తీయవలెనో, వానిని కలిపి నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు తీసివేయుచు అరకిలో మిగులునట్లు ఎట్లు చేయవలెనో పల్లెలోని రైతులకు నేర్పిరి. 1986లో బాపట్లనుండి వచ్చిన సాంబమసూరికి, అనగా మనము బీపీటీ అనుకొనుదానికి, తెగుళ్ల బాధ ఎక్కువయన్న సంగతి మన రైతులకు తెలియనిది కాదు. కాని ఏ తెగులునకు ఏ మందు, ఏ దశలో, ఎంత అన్నది ఆ పిల్లలు వివరించి చెప్పిరి.

అయితే చెప్పిన కొన్నిదినములకు ఆ పిల్ల ఒక విచిత్రము గమనించెను. తాను చెప్పిన మందును రైతు శ్రద్ధగ విని, తల యూపి, కొట్టునకు పోయి వేరొక మందు తెచ్చెను. ఆమెకు కోపము వచ్చినది. ఆ రాత్రి భోజనముల దగ్గర అసలు కథ తెలిసినది. కౌలుదారునకు బ్యాంకు అప్పు పుట్టదు. విత్తనము, ఎరువు, మందు అన్నియు కొట్టువాని దగ్గర అరువు. పంటమీద తీర్చవలెను. చేబదులునకు నూటికి రెండు రూపాయల వడ్డీ. అరువిచ్చువాడు ఏ డబ్బా చేతిలో పెట్టిన అదియే మందు. ఏ మందు చల్లవలెనో ఆ పిల్లకు తెలియును. ఏ మందు అరువునకు దొరకునో రైతునకు తెలియును. ఈ రెండును ఒకచోట కూడినది ఆ యింటి వంటగదిలో. మా యింట పప్పును నేయియు తినుచు ఎన్నినెలలున్నను ఇది వారికి తెలిసియుండదు.

కనుక, పెద్దలారా, పిల్లలు మీ యింటికి వచ్చినప్పుడు మూడుదినములు మర్యాదచేసిన చాలును. నాలుగవ దినమున చేతికి పని ఇవ్వుడు. వారికోసము వేరుగ వండవలదు. అప్పులనుగూర్చి మొదటిదినముననే ప్రశ్నాపత్రము తీసినయెడల కొంచెమాగుమని చెప్పుడు. కాని నెల గడచిన తరువాతను అంతయు కుశలమేయని చెప్పి పంపవలదు. ఆడవారిని అడిగిన ప్రశ్నకు మగవారము మనము జవాబు చెప్పుట మన యందరికిని ఉన్న జబ్బు. నాకును ఉన్నది. గది యద్దెయో తిండిఖర్చో వారిచ్చినచో పుచ్చుకొనుట చిన్నతనము కాదు. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశము పంతులుగారి చదువు, ఆయన తల్లి ఒంగోలులో నడపిన పూటకూళ్ల యింటి రాబడిమీద సాగినదే.

ఇక నా తప్పునకు వచ్చుచున్నాను.

ఆగస్టులో ఒకనాడు విద్యార్థులు బడియెదుట నేలమీద ముగ్గుపిండితో ఊరిపటము వేయించిరి. పటము తాము వేయరాదు, ఊరివారిచేతనే వేయించవలెను. అది వారి పద్ధతి. చిన్నపిల్లలు ఉత్సాహముగ గుడి, చెరువు, బడి, కాలువ గీచిరి. పసుపుపొడితో పొలములు గీచుచుండగా, ఒక చెక్కదగ్గర వ్రేలు పెట్టి, ఇది ఎవరిదని విద్యార్థిని అడిగెను. ఎనిమిదేండ్ల పిల్ల ఒకతె చటుక్కున, “మా నాన్నది” అనెను. అది నా రెండెకరములు. అక్కడ నిలుచున్నవారందరు నావైపు చూచిరి.

నిజము చెప్పుచున్నాను. నా గుండె ఝల్లుమన్నది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. అది పుట్టినప్పటినుండి తండ్రి దున్నుట, తల్లి నాటుట ఆ చెక్కలోనే చూచినది. అయినను నాకు మొదట కలిగినది ప్రేమ కాదు, భయము. ఇరువదేండ్లు ఒకనిచేతిలో ఉన్న పొలము చేజారిపోవునేమోనన్న భయము. నోటిమాటయే చాలును, కాగితము వలదని నేను ఇన్నాళ్లు అనుచుండుట నమ్మకమువలననని అనుకొంటిని. ఆ భయమువలనని అప్పుడు తెలిసినది. నావంటివారు ఈ మాటలు వినుచున్నవారిలో ఉండకపోరు.

వారము తరువాత ఆ విద్యార్థిని తన వ్రాతపుస్తకము తీసికొని మా యింటికి వచ్చెను. నన్ను ఏమియు అడుగదలచుకొన్నట్లు లేదు. అరుగుమీద కూర్చుండి, “తాతగారూ, ఒక్క గడి నింపలేకపోతున్నానండీ. సాగు చేసేది ఎవరు అన్నచోట మా ఆతిథేయి పేరు రాశాను. పంట నమోదు ఎవరి పేరున అన్నచోట రికార్డులో మీ పేరుంది. రెండూ ఒకే పొలానికి. ఏమని రాయమంటారు?” అనెను.

రేపు చెప్పెదనమ్మా యంటిని. రెండు దినములు చెప్పలేదు.

ఆ రెండవనాటి రాత్రి నిద్రపట్టక, చిన్నప్పటి అలవాటున అమరకోశము మనస్సులో వల్లించుకొనుచుంటిని. బ్రహ్మవర్గములో శిష్యునికి చెప్పిన పేర్లలో అంతేవాసి ఒకటి. గురువు సమీపమున వసించువాడని మాకు చెప్పిన వ్యుత్పత్తి. వల్లించుచు శూద్రవర్గమునకు వచ్చునప్పటికి, చండాలునికి చెప్పిన పేర్లలో మరల అంతేవాసి. ఊరి యంచున వసించువాడని అక్కడ యర్థము. అంతమనగా సమీపమును, అంచును. ఒకేమాట. దగ్గర కూర్చుండబెట్టుకొన్నవానికిని అదే పేరు, దూరముగ నుంచినవానికిని అదే పేరు. పండ్రెండవయేట కంఠస్థము చేసి, ముప్పదియారేండ్లు పిల్లలకు పర్యాయపదములు చెప్పినవాడను, ఈ రెండుచోట్లను ఒక్కసారియు ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు. నా కౌలుదారు ఆరవ తరగతిలో నా యెదుట కూర్చున్నప్పుడు ఒక యర్థమున నాకు అంతేవాసి. బడిగంట కొట్టగానే రెండవ యర్థమునకు మారెడివాడు. మార్చినది మేమే.

తెల్లవారిన తరువాత పల్లెకు పోయితిని. ఆ యింటికి పోవుట అదియే మొదలు. ఆ యిల్లాలు కుర్చీ వేసి, ఏమియు అనక, ఫ్యాను మీట నొక్కెను. ఆమె నవ్వు ఆపుకొనుచున్నదని నాకు తెలిసినది. నేనును నవ్వితిని.

అప్పటి విధి యేమనగా, 2019లో రాష్ట్రములో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము, యజమానియు కౌలుదారుడును ఒప్పందముపై సంతకములు చేసినచో పదునొకండు నెలలకు చెల్లునట్టి పత్రము ఇచ్చెడివారు. అది పంటకే గాని భూమికి కాదు. యజమాని హక్కునకు దానివలన భంగము లేదు. ఈ మాట ఆ కాగితముమీదనే యున్నది. చదువువచ్చిన నేను నాలుగేండ్లు చదువలేదు. గ్రామ సచివాలయమునకు ఇద్దరమును పోయితిమి. నా సంతకము చూచి అక్కడి యువకుడు, “మాస్టారు సంతకం చేస్తే ఇంకా కొందరు చేస్తారండీ” అనెను. కొందరు చేసిరి. అందరును చేయలేదు. చేయనివారిలో నా స్నేహితులున్నారు. వారితో నేనింకను మాటలాడుచునే యున్నాను.

విద్యార్థులు తమ గడువు ముగించుకొని వెళ్లిరి. ఆ యేడు డిసెంబరు 5వ తేదిన మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరము దాటెను. కోసి పనలమీద నున్న వరి, కోయక నిలిచియున్న వరి, రెండును నీట మునిగినవి. పనలు మొలకెత్తినవి. మరునాడు ఇంకను కరెంటు రాలేదు. పొరుగువాని ఫోనుకు ఆ పిల్ల ఫోను చేసి, తన ఆతిథేయురాలిని పిలిపించి మాటలాడినదట. మొదట పొలము సంగతి అడుగలేదట. “పెంకులు లేచిపోయాయా పిన్నీ? పాప ఎక్కడుంది?” అని అడిగినదట. నష్టము వ్రాసికొనుటకు వచ్చినవారు నా రెండెకరముల గట్టుమీద నిలిచి చదివిన పేరు నాది కాదు. వచ్చిన సొమ్ము పోయినదానికి సరిపోలేదు; కాని అది పండించినవాని ఖాతాలోనే పడినది. ఆ యేటి కౌలులో నేను పది బస్తాలు వదలుకొంటిని. ఇంకను వదలుకొనవలసినదని మా యావిడ అనెను. ఆమె చెప్పినదే సరియేమో.

పోయినయేడు విద్యార్థులను వేరొక మండలమునకు పంపిరి. ఈయేడు తొలకరికి మరల మా యూరికి ఎనిమిదిమంది వత్తురని కబురు వచ్చినది. జాబితా వ్రాయుమని మరల నన్నే అడిగిరి. ఈ పర్యాయము ఇండ్లకు పోయి చూచి వ్రాయుచున్నాను. ఇంతవరకు మూడిండ్లు కుదిరినవి. రెండు పల్లెలోనివి. మూడవది కాలువగట్టుమీద కూరగాయలు పండించుకొను ఒక ముసలిదంపతులది. గది చిన్నదైనను, వారికి తెలియని పాదు లేదు. నాలుగవ యింటికై వెదకుచున్నాను. మా యింటిపేరు వ్రాయలేదు, మా యింట పొలమునకు పోవువారు లేరు గనుక.

దీనికి మా యావిడ ఒప్పుకొనలేదు. పిల్లలు వచ్చి మన యింట అన్నము తినకుండ పోవుదురా యని రెండు దినములు నాతో మాటలాడలేదు. తుదకు వారమున కొకదినము ఎనిమిదిమందియు మా యింట భోజనము చేయునట్లు ఒడంబడితిమి. ఏ దినమని అడిగినది. బుధవారము అంటిని. వారికి అన్నముపెట్టు ఇంటివారిని గూడ పిలువవలెనా యని అడిగినది. పిలువవలెనంటిని. వంటింట అంతమందికి చోటు చాలదు. నడవలో వరుసగ ఎన్ని ఆకులు పట్టునో నిన్ననే కొలిచి చూచుకొంటిమి.